నొక్కి కొలిచిన మనిషి

టోవా పాయోలో మా క్లినిక్ కింద తిండికొట్లన్నీ ఉన్న హాకర్ సెంటర్‌లో పొద్దున్నే కాఫీ తీసుకుని కూర్చోబోతే, కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. ఈ ఊళ్ళో దాని అర్థం చంటిపిల్లలకి కూడా తెలుసు. ఈ కుర్చీ చోప్ చేసుకున్నాను, తిండి తెచ్చుకోవడానికి వెళ్ళాను, వేరెవరూ కూర్చోవద్దు అని. నేను పక్క కుర్చీకి జరిగాను. జరుగుతుంటే మా క్లినిక్ పాత డాక్టరు, ఆయన గుర్తొచ్చాడు. ఎప్పటిలాగే ఒళ్ళు మండింది.

కాఫీ రెండు గుక్కలు తాగానో లేదో ఫోన్ టింగుమంది. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వరసగా దండాల బొమ్మలు. ఆయన పోయాడట. నిన్న సాయంత్రం ఇంట్లో టీవీ చూస్తూ చూస్తూనే. 'మహానుభావుడు' అని ఒకరు పెట్టారు. 'చల్లని చెయ్యి' అని ఒకరు. 'ఆయన ఒక్క మాట చెబితే సగం జబ్బు పోయేది' అని ఇంకొకరు. ఆ మూడోది చదివి నవ్వొచ్చింది. సగమేమిటి, మొత్తం పోయేది, ఆయన రాసే కాగితం మీద. కడుపులో మాత్రం ఎక్కడిది అక్కడే ఉండేది.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నా వల్ల కాదు. తొమ్మిదేళ్ళు ఆయన పక్కన నిలబడి పనిచేశాను. నిలబడి అని ఊరికే అనడం లేదు.

నా పని అల్ట్రాసౌండ్ తీయడం. పొట్ట మీద జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, తెర మీద కనపడినదాన్ని కొలిచి, బొమ్మలు దాచి, వర్క్‌షీట్‌లో అంకెలు రాస్తాను. అవి చూసి రిపోర్టు రాసి సంతకం పెట్టేది డాక్టరు. ఆయన ఆ డాక్టరు. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మెషీన్ ముందున్న తిరిగే కుర్చీలో ఒక టిష్యూ ప్యాకెట్ కనపడింది. ఎవరో మర్చిపోయారనుకుని తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. కాసేపటికి ఆయన వచ్చాడు. బొద్దుగా, నున్నగా, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, ఇప్పుడే ఎవరో దండ వేసినట్టు మొహం పెట్టుకుని.

"ఏమ్మా, కొత్తా? చోప్ చేశాను గదా, కనపళ్ళా?" అన్నాడు.

హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను లేచాను. ఆయన కూర్చుని, తెర వంక ఒకసారి చూసి, రెండు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ప్యాకెట్ మళ్ళీ కుర్చీలో పెట్టాడు. ఆ గదిలోకి ఆయన రోజుకి మూడుసార్లకి మించి వచ్చేవాడు కాదు, వచ్చినా ఐదు నిమిషాలు. ఆ కాసేపటి కోసం ఆ కుర్చీ రోజంతా ఆయనదే. మేనేజర్‌కి చెప్పుకుంటే, "పెద్దాయన లా, పోనీలే" అంది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. తొమ్మిదేళ్ళు నడుం వంచి నిలబడే స్కాన్లు తీశాను. నా వెన్నులో ఇప్పటికీ ఆయన ఉన్నాడు.

నా పేరు ఆయన ఒక్కరోజూ పిలవలేదు. నేను 'బొమ్మలమ్మాయి'ని. పేషెంట్లకి మాత్రం ఆయన అంకుల్. "సార్ ఏంటమ్మా, అంకుల్ అను" అనేవాడు, తనకంటే పదేళ్ళు పెద్దావిడతో కూడా. ప్రతివాళ్ళనీ "మకాన్ అయిందా?" అని, అంటే తిన్నారా అని పలకరించేవాడు. స్కానుకి ఏమీ తినకుండా రమ్మని చెప్పింది మేమే. ఆకలితో కళ్ళు తిరుగుతున్నవాళ్ళు పడుకున్నచోటి నుంచే "లేదు అంకుల్" అనేవాళ్ళు. "అయ్యో, తినాలమ్మా" అనేవాడు. వాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఇంటికెళ్ళి ఎంత ప్రేమగా మాట్లాడాడో అని చెప్పుకునేవాళ్ళు.

లివరు, గాల్ బ్లాడరు, కిడ్నీలు, ఇవి ఆయన లెక్కలో పరువున్న అవయవాలు. పేగులంటే చులకన. "పేగుల్లో ఏవుంటుంది? గాలి. గాలికి బొమ్మ దిగుద్దా?" అనేవాడు. ఎప్పుడో చాలాకాలం కిందట ఒక వాక్యం టైపు చేసి పెట్టుకున్నాడు: చిన్నపేగు, పెద్దపేగుల్లో గాలి అడ్డుగా ఉన్నందువల్ల చూడటం వీలుపడలేదు. ప్రతి రిపోర్టు కిందా అది దానంతటదే వచ్చి కూర్చునేది. ఎవరూ చూడబోలేదు, ఏదీ అడ్డు రాలేదు, అయినా వాక్యం ఉండేది. ఒకసారి ఒక తాతగారు వచ్చారు. పెద్దపేగు మొత్తం అంతకుముందే ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ తాతగారి రిపోర్టులో కూడా పెద్దపేగులో గాలి అడ్డొచ్చింది. నేను చూపిస్తే, "ఎవరు చదువుతారమ్మా అంత కిందదాకా?" అన్నాడు. నిజమే, ఆ తాతగారు తప్ప ఎవరూ చదవలేదు.

తర్వాత రోజులు మారాయి. క్రోన్స్ అని ఒక జబ్బుంది. పేగు గోడ వాచి, పుండ్లు పడి, కొన్నాళ్ళు అణిగి కొన్నాళ్ళు లేస్తూ ఏళ్ళతరబడి ఉంటుంది. మందు పనిచేస్తోందో లేదో కొన్ని నెలలకోసారి లోపలికి చూసి తెలుసుకోవాలి. కెమెరా గొట్టం పెట్టాలంటే ముందురోజంతా కడుపు ఖాళీ చేసుకోవాలి, అస్తమానం ఎవరు పడతారు ఆ బాధ? అల్ట్రాసౌండ్‌కి ఆ బెడద లేదు. పడుకుంటే చాలు, పావుగంటలో తేలిపోతుంది. పేగుల డాక్టర్లు అది కావాలని అడగడం మొదలుపెట్టారు. క్లినిక్ నన్ను నేర్చుకోమని పంపింది. నెలల తరబడి నేర్చుకున్నాను.

గాలి నిజంగానే అడ్డొస్తుంది. అయితే దాన్ని బతిమాలి పక్కకి పంపొచ్చు. ప్రోబ్‌తో మెల్లగా అదిమి, ఆగి, అది జరిగేదాకా చూసి, అప్పుడు చెయ్యి తేలిక చేసి కొలవాలి. పేగు గోడ మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే దిగుల్లేదు. వాచినప్పుడు నాలుగు, ఐదు, ఏడు దాకా పోతుంది. రంగు మీట నొక్కితే గోడలో రక్తం పరుగు ఎర్రగా, నీలంగా మెరుస్తుంది. ఎంత మెరిస్తే లోపల అంత మంట ఉన్నట్టు. మొదటిసారి ఒక మనిషి పేగు నా చేతికింద కదలడం చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు దీన్నా మేము గాలి అని రాసింది అనుకున్నాను.

నేను నేర్చుకున్నది ఆయనకి నచ్చలేదు. నలుగురూ దాని గురించి అడగడం మాత్రం నచ్చింది. రెండురోజుల వర్క్‌షాప్ ఒకటి జరిగితే వెళ్ళాడు. నేనూ ఉన్నాను. మొదటిరోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆయన నిద్రపోయాడు, రెండోరోజు భోజనాలకి ముందే నిద్రపోయాడు. సర్టిఫికెట్‌తో ఫొటో గ్రూపులో వచ్చింది. ఉగాది కార్యక్రమంలో మైకు పట్టుకుని, "గొట్టం లేదు, నొప్పి లేదు, పేగుల స్కాన్ గురించి నేను ముప్ఫై ఏళ్ళ నుంచీ చెబుతున్నాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పులిహోర ప్లేటు పట్టుకుని వెనక నిలబడి నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే చేతులు ఊరుకోవు.

ఇక చెయ్యి సంగతి. చల్లని చెయ్యి అన్నారే, అది. వయసులో ఉన్నప్పుడు ఆయనకి అపెండిక్స్ పట్టడంలో పేరట. వాచిన అపెండిక్స్‌ని పట్టాలంటే గట్టిగా నొక్కాలి. మామూలుది అణుగుతుంది, వాచింది అణగదు, దొరికిపోతుంది. ఆ నొక్కుడు ఆయన చేతికి అలవాటైపోయింది. పేగు గోడ దగ్గరికొచ్చినా చెయ్యి అదే బరువుతో దిగేది. జెల్ సీసాని చిల్లీ సాస్ సీసాలా తలకిందులుగా విదిలించి, ప్రోబ్‌ని ఒళ్ళంతా వేసి నొక్కేవాడు. పేషెంటు ఊపిరి బిగబట్టేవాడు. అంత బరువు కింద వాచిన గోడ సన్నబడుతుంది, రక్తం పరుగు ఆగిపోతుంది, తెర మీద రంగు మాయమవుతుంది. అణిగినవాటిలో ఇంకా సన్నటి చోటు వెతికి అక్కడ కొలిచేవాడు. అందుకే ఆయన కొలిస్తే ఎప్పుడూ రెండు చిల్లరే. మూడు దాటిన పేగుని ఆయన తన చేత్తో ఒక్కటీ చూడలేదు.

ఒకసారి ధైర్యం చేశాను. పడుకున్న పేషెంట్‌కి వినపడకుండా, "సార్, కొంచెం చెయ్యి తేలిక చేసి కొలుద్దామా? నొక్కితే గోడ అణుగుద్ది, రక్తం కూడా కనపడదు" అన్నాను.

ఆయన మాత్రం అందరికీ వినపడేలా, "మీ అమ్మ చపాతీ నొక్కకుండానే వత్తుద్దామ్మా?" అన్నాడు. పేషెంటు నవ్వాడు. కొత్తగా చేరిన నర్సు నవ్వింది. "నువ్వు బొమ్మలు తియ్యి బొమ్మలమ్మాయ్. జబ్బు సంగతి నాకొదిలెయ్."

వదిలేశాను. నా గురించి చెప్పాల్సింది అదొకటుంది, వస్తాను దాని దగ్గరికి.

ఆయనకి తెలియక నొక్కేవాడని చాలాకాలం అనుకున్నాను. కాదు. మొహం చిన్నబుచ్చుకున్న పేషెంట్‌ని చూస్తే ఆయనకి ఊపిరాడేది కాదు. జాలి వల్ల కాదు, తనని మెచ్చుకోని మొహం ఎదురుగా ఉంటే భరించలేడు, అందుకు. చెడ్డమాట చెప్పడం ఎప్పుడూ వేరేవాళ్ళ పని, వేరే ఆస్పత్రి పని, ఇంకో రోజు పని. ఈ పిరికితనాన్నే జనం మంచితనం అన్నారు.

సునీత నిజామాబాద్ అమ్మాయి. ఇక్కడ యూనివర్సిటీలో నీళ్ళు శుద్ధిచేసే జల్లెడల మీద పరిశోధన చేస్తోంది. భర్త చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏదో బ్యాంకు కంప్యూటర్లు చూస్తాడు. ఆమెకి క్రోన్స్ బయటపడి అప్పటికి రెండేళ్ళు. పిల్లలు కావాలని తొందర, జబ్బుకి వాడే గోలీలు పుట్టబోయే బిడ్డకి ఏం చేస్తాయో అని భయం. పేగుల డాక్టరు, ముందు జబ్బు అణగనీ, గోడ మామూలుగా ఉందని స్కాన్‌లో తేలనీ, ఆ తర్వాత ఏ మందు ఉంచాలో మాట్లాడుకుందాం అని పంపించింది.

ఆమె పొట్ట మీద నేను తేలికగా ప్రోబ్ పెట్టి కొలిచాను. చిన్నపేగు చివర గోడ నాలుగు పాయింట్ ఎనిమిది. రంగు మీట నొక్కితే ఎర్రగా మెరిసింది. మంట ఉంది, అనుమానమే లేదు. వర్క్‌షీట్‌లో రాశాను. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మకాన్ అయిందా తల్లీ?"

"లేదంకుల్. జెర చూసి చెప్పుండ్రి, మంచిగైందా? ఇగ పిల్లల కోసం చూడొచ్చా?"

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆమె మొహం నేను చూశాను. ఆయనా చూశాడు. చూసి ప్రోబ్ అందుకున్నాడు. ఆమె కాళ్ళు ముడుచుకునేంతగా నొక్కాడు. తెర మీద గోడ బల్లపరుపయింది, ఎరుపు ఆరిపోయింది. రెండు పాయింట్ తొమ్మిది.

"క్లీన్! ఇక గోలీలెందుకమ్మా? బుజ్జిగాడు పుట్టాక స్వీట్లు మాత్రం మర్చిపోకు."

ఆమె పడుకున్నచోటి నుంచే ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. జెల్ అంటింది కళ్ళకి. టిష్యూలు ఇచ్చాడు, కుర్చీని చోప్ చేసే ఆ ప్యాకెట్‌లోంచే. తర్వాత నావైపు తిరిగి తగ్గుగొంతుతో అన్నాడు, "రెండు అంకెలుంటే గందరగోళం. నీది తీసెయ్."

నాది తీసేశాను. మెషీన్‌లో బొమ్మ చెరిపాను. వర్క్‌షీట్ చించి కొత్తది రాశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చింపించలేదు. ఒక్క మాట అన్నాడంతే, అది చాలింది.

మందు ఆపమని రిపోర్టులో ఆయన రాయలేదు. అలాంటివి కాగితం మీద పెట్టేంత అమాయకుడు కాదు. సునీత పేగుల డాక్టరుకి చెప్పకుండానే గోలీలు మానేసింది, అంకుల్ చెప్పాడు కదా. ఐదు నెలలకి ల్యాబ్‌లో వాంతులు చేసుకుని పడిపోయింది. పేగు వాచి వాచి దారి మూసుకుపోయింది. ఆస్పత్రిలో జానెడు ముక్క కోసి తీసేశారు. పిల్లల మాట ఎక్కడిదక్కడ ఆగింది.

ఈ సంగతి ఆయనకి చెప్పింది నేనే. చల్లారిన టీ తాగుతూ విన్నాడు. "ఈ జబ్బంతే లా. ఈరోజు పోద్ది, రేపొచ్చుద్ది. పాపం మంచి పిల్ల" అన్నాడు. టీ అయ్యాక ఇంకో పేషెంట్‌ని మకాన్ అయిందా అని అడగడానికి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆ కప్పు నేనే కడగాల్సి వచ్చింది. కడుగుతుంటే కలిగినంత అసహ్యం నాకు ఏ మనిషి మీదా కలగలేదు. ఆ మరుసటి ఏడు రిటైరయ్యాడు. కేకు కోశారు. కేకు మీద 'అంకుల్' అని రాయించారు.

ఇదంతా కాఫీ కప్పు ముందు నాలో నేనే తిప్పుకుంటూ కూర్చుంటే పది కావస్తోంది. పది గంటలకి నా పేషెంటు సునీత.

ఆపరేషన్ తర్వాత ఆమె మళ్ళీ మందు మీద ఉంది. పోయిన రెండు స్కాన్లూ బాగున్నాయి. ఇవాళ మూడోది. ఇదీ బాగుంటే మందు వాడుతూనే పిల్లల కోసం ప్రయత్నించొచ్చని పేగుల డాక్టరు చెప్పింది. అంతా ఇవాళ్టి అంకె మీద ఉంది.

వస్తూనే ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "అంకుల్ పోయిండంట గద అక్కా. గ్రూపుల చూసిన. మంచి మనిషి. నాకు మంచిమాట జెప్పిన మనిషి. నేనే ఎవర్ని అడగకుండ గోలీలు బంద్ జేసి ఆగం జేసుకున్న. ఆయన తప్పేం లేదు. సాయంత్రం పోయి దండం బెట్టుకొనొస్త, నువ్వొస్తవా?"

అక్కడ నా నోరు ఆగలేదు. చెప్పేశాను. నాలుగు పాయింట్ ఎనిమిది, ఎరుపు, ఆయన నొక్కుడు, అన్నీ. నిజం చెప్పాలని చెప్పానంటే అబద్ధమవుతుంది. ఆయనకి ఆ దండం దక్కకూడదని చెప్పాను.

సునీత బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"నువ్వు రాసిన కాగితం ఏది?" అంది.

"చించేశా."

"ఆయన చింపుమన్నడా?"

"నాది తీసెయ్యమన్నాడు. చింపింది నేనే."

"గప్పుడు నేను ఈ గదిలనే ఉన్న గద అక్కా."

"ఉన్నావు."

ఆమె పడుకుని చొక్కా పైకి జరుపుకుంది. పొట్ట మధ్య ఆపరేషన్ మచ్చ ఇంకా గులాబీరంగులోనే ఉంది. నేను కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాను. ఆయన వెళ్ళిపోయినప్పటి నుంచీ ఆ తిరిగే కుర్చీలో కూర్చునేది నేనే.

జెల్ రాశాను. గాలిని మెల్లగా పక్కకి జరిపాను. చెయ్యి తేలిక చేశాను, ప్రోబ్ చర్మం మీద ఆనీ ఆననట్టు. అతుకు వేసిన చోట గోడ స్పష్టంగా వచ్చింది. రెండు పాయింట్ ఏడు. రంగు మీట నొక్కాను. ఒక్క మెరుపు లేదు. ఇంకోచోట కొలిచాను, రెండు పాయింట్ ఆరు. ఇన్నేళ్ళలో ఒక పేషెంట్‌కి చెప్పాలని నేను ఇంతగా ఎదురుచూసిన మాట లేదు.

"సునీతా, బాగుంది. రెండు పాయింట్ ఏడు. మంట అసలు లేదు. చాలా బాగుంది."

ఆమె నవ్వలేదు. తెర వైపు చూసింది, నావైపు చూసింది.

"ఇంకోసారి కొలువు."

కొలిచాను. అదే వచ్చింది.

"ఇంకోసారి."

మళ్ళీ పెట్టాను. ఈసారి ఆమె తన అరచెయ్యి తెచ్చి, ప్రోబ్ పట్టుకున్న నా చేతి మీద ఆనించి ఉంచింది, నేనెంత నొక్కుతున్నానో తెలుసుకోవడానికి.